తొట్టి అంచున తెల్లచార

ఎవోదియా మన్ను తింటుందని మా సాంతా ప్రిస్కా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు. నిజానికి తినదు. చిటికెడు తీసి నాలుక మీద వేసుకుంటుంది, కళ్లు మూసుకుంటుంది, ముందుపళ్ల మధ్య ఓసారి నూరి చూసి పక్కకు తిరిగి ఉమ్మేస్తుంది. ఆ వెంటనే సిలువ గుర్తు వేసుకుంటుంది. దేవుడు మొదటి మనిషిని చేసిన వస్తువు అది, నోట్లో పెట్టుకున్నాక ఒక దండమైనా పెట్టకుండా ఉమ్మకూడదని వాళ్ల నాయనమ్మ చెప్పిందట.

ఆ నాయనమ్మే ఆమెకు గురువు. ఎవోదియాకు ఏడేళ్లప్పుడు కళ్లకు గుడ్డ కట్టి, అరుగు మీద కూర్చోబెట్టి, మూడు చోట్ల నుంచి తెచ్చిన మన్ను ఒకదాని తర్వాత ఒకటి నాలుక మీద పెట్టేది. "ఇది ఏ గుంటదే?" అని అడిగేది. తప్పు చెప్తే తిట్టేది కాదు. "మళ్లీ పెట్టుకో" అనేది, అంతే. పదేళ్లు వచ్చేసరికి ఆ పిల్ల ఇసుక ఎంతుందో పళ్లతో చెప్పేది, జిగురు ఎంతుందో అంగిలితో చెప్పేది, ఉప్పు ఉంటే నాలుక కొసతో పట్టేసేది.

ఇప్పుడామెకు యాభై తొమ్మిది. పొట్టి మనిషి, రెండు సన్నటి జడలు వెనక కలిపి కట్టుకుంటుంది. మా ఊళ్లో అరవై గడపలుంటే నలభై గడపలు మొక్కజొన్న రొట్టెల పెనాలు చేసే బతుకుతాయి. మట్టి పెనం మీద కాలిన రొట్టె రుచి ఇనప పెనం మీద రాదు. అది లోయలో అందరూ ఒప్పుకునే మాటే. పెనాలు చేసే చేతులు చాలా ఉన్నాయి గానీ, ఇది పెనానికి పనికొచ్చే మన్ను, ఇది రాదు అని చూసి చెప్పే మనిషి ఆమె ఒక్కతే. నాలుక మీద పెట్టనిదేదీ ఎవోదియా నమ్మదు. దానిమ్మగింజంత ఎర్రగా మెరిసే మన్ను చూపించినా "అందంగా ఉంది, చూద్దాం ఏం దాచుకుందో" అంటుంది.

ముఖ్యంగా సున్నం. దయ్యాలంటే భయపడని నాయనమ్మ సున్నపురాయి పలుకంటే వణికేదట. మన్నులో ఆవగింజంత సున్నపు పలుకు ఉందనుకోండి, చేసేటప్పుడు తెలియదు, ఎండేటప్పుడు తెలియదు, ఆవంలో కాలేటప్పుడూ తెలియదు. పెనం ఎర్రగా, గంటలా మోగుతూ బయటికొస్తుంది. మూడో నాడో, ఏడో నాడో ఆ పలుకు గాలిలో తేమ తాగి ఉబ్బుతుంది. 'టప్' మని పైన పెచ్చు లేచిపోతుంది. అందుకే కొత్త మన్నుతో చేసిన మొదటి పెనాలను ఎవోదియా ఇంట్లో మరియమ్మ పటం కింద బల్ల మీద పెడుతుంది. తొమ్మిది రోజులు. రోజూ సాయంత్రం జపమాల చెప్పుకుంటూ ఒక చెవి దేవుడి వైపు, ఒక చెవి పెనాల వైపు వేసి కూర్చుంటుంది. తొమ్మిదో నాటికి నోరు మెదపని పెనం మంచి మన్నుది.

నిరుడు వానలకు పాత గుంట కూలింది. దేవుడి దయవల్ల అప్పుడు లోపల ఎవరూ లేరు. తాతలనాటి గుంట మీదికి కొండచరియ విరిగిపడి, మూడు నిలువుల ఎత్తున మూసేసింది. అప్పటినుంచి ఊరంతా లారీ మన్ను మీద ఆధారపడింది. ఆ మన్ను పెళుసు. పది పెనాలు కాలిస్తే నాలుగు చీలతాయి. అయినా కొనక తప్పడం లేదు.

ఆ లారీ నిసెఫోరా అల్లుడిది. నిసెఫోరా ఎవోదియా పక్కింటి మనిషి. పై కొండల్లో ఎక్కడో పుట్టి, ముప్పై ఏళ్ల కిందట ఇక్కడికి కోడలిగా వచ్చింది. కుండ పని రాదు. రొట్టెలు కాల్చి సంతలో అమ్ముతుంది. ఎవోదియా పెద్దకూతురికి జ్ఞానస్నానం చేయించిన నాడు బిడ్డను ఎత్తుకున్నది ఆవిడే. ఆనాటినుంచి ఇద్దరూ ఒకరినొకరు 'కొమాద్రె' అని పిలుచుకుంటారు. అక్కచెల్లెళ్లు పోట్లాడుకోవచ్చు గానీ కొమాద్రెలు పోట్లాడుకోకూడదు. అది దేవుడి ముందు కట్టుకున్న చుట్టరికం.

ఏప్రిల్ మొదట్లో ఉమ్మడి భూముల పెద్ద అబుందియో టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు.

"పిన్నీ, నీ నాలుకకు పని పడింది."

"నా నాలుకకు పని లేనిదెప్పుడురా?"

పెరట్లో గాడిదకు నీళ్లు పెడుతున్న మకారియో తలెత్తాడు. "నలభై ఏళ్లుగా ఒక్క రోజు సెలవు తీసుకోలేదు నాయనా ఆ నాలుక. నేను సాక్షిని" అన్నాడు. ఆమె భర్త అతనే.

డేగకొండ వెనక ఒక ఎర్రమన్ను దరి బయటపడిందని అబుందియో చెప్పాడు. మన్ను చాలా ఉంది. కానీ అక్కడికి బండి దారి వెయ్యాలంటే ఉమ్మడి మేత బీడు సగం పోతుంది. ఆవులున్నవాళ్లు ఊరుకోరు. "మే నెలలో సాన్ ఇసిద్రో పండుగ దాటిన ఆదివారం సభ పెడుతున్నా. నువ్వు మంచి మన్నంటే దారి పడుతుంది. కాదంటే లారీ మన్నే గతి. ఇప్పటికే ఆరిళ్ల వాళ్లు పెనాల పని పక్కన పెట్టి పట్నంలో ఇటుకలు మోస్తున్నారు పిన్నీ. ఇంకో ఏడాదికి పెనాల ఊరు అనే పేరే మిగుల్తుంది."

దరి చూడ్డానికి వెళ్లిన రోజున మన్ను పరీక్షించడానికి పట్నం నుంచి ఒక ఇంజనీరమ్మాయి కూడా వచ్చింది. మోకాళ్ల దాకా బూట్లు, చేతిలో చిన్న సుత్తి, రెండు సంచులు. ఎవోదియా ఆ పిల్లను, సంచులను, బూట్లను వరసగా చూసింది.

"నాలుక మీద పెట్టకుండా మన్ను సంగతి ఎలా చెప్తావమ్మా?"

"మాకు యంత్రాలున్నాయండీ, ఎవోదియా గారూ."

"యంత్రం ఉమ్ముతుందా?"

ఆ పిల్లకు నవ్వాగలేదు. కానీ ఎవోదియా తడి మన్నును తాడులా పేని బొటనవేలు చుట్టూ ఉంగరంలా చుట్టినప్పుడు మాత్రం నవ్వు మాని దగ్గరకు వచ్చి వంగి చూసింది. ఉంగరం విరగలేదు. పైన వెంట్రుక వాసి పగుళ్లు, అంతే. "మేమూ ఇలాగే చుట్టి చూస్తామండీ. తర్వాత దానికో అంకె వేస్తాం" అంది. ఎవోదియాకు ఆ మాట నచ్చింది. నచ్చినట్టు మాత్రం కనపడనివ్వలేదు. సంచులు ఎక్కడికి పోతున్నాయో, వాటి కోసం ఎవరు చూస్తున్నారో ఎవరికి తెలుసు?

ఆమె తన పద్ధతిలో తాను చూసుకుంది. మూడు చోట్ల గీకి మూడుసార్లు రుచి చూసింది. నూరితే సన్నటి గరుసు పళ్లకు తగిలింది. నిప్పు మీద నిలవాలంటే పెనానికి ఆ గరుసు ఉండాలి. కొంగు ముడిలోంచి నిమ్మకాయ తీసి పిండింది. సున్నముంటే బుసబుస పొంగాలి. పొంగలేదు. మరో చోట పిండింది. పొంగలేదు. సిలువ గుర్తు వేసుకుని, మకారియో చేత గాడిద మీద రెండు గంపలు వేయించింది. దిగేటప్పుడు గులకరాళ్ల మీద కాలు జారి కుడి మణికట్టు బెణికింది.

తర్వాత జరిగిందంతా ఆ బెణుకు వల్లే జరిగింది.

మన్నును తొట్టిలో వేసి ఎనిమిది రోజులు నానబెట్టాలి, రోజూ నీళ్లు చిలకరించి తడిగోనె కప్పాలి. ఎండాకాలం, కుళాయికి వారానికి రెండుసార్లే నీళ్లు. మణికట్టుకు గుడ్డ చుట్టుకున్న ఎవోదియా బిందె ఎత్తలేకపోయింది. అయినా గోనె ఎప్పుడు ముట్టుకున్నా తడిగానే ఉండేది. మకారియో పోస్తున్నాడనుకుంది. నలభై ఏళ్ల కాపురంలో మొదటిసారి అడక్కుండా ఒక పని చేశాడే అని లోలోపల మురిసిపోయింది కూడా. ఆ రోజుల్లోనే నిసెఫోరా రోజూ పొద్దున్నే పిండి మర నుంచి వస్తూ నాలుగు రొట్టెలు గుడ్డలో చుట్టి గుమ్మం మీద పెట్టి పోయేది. "చెయ్యి బాగయ్యేదాకా పిండి ముట్టకు కొమాద్రె" అని గోడ అవతల నుంచి కేకేసేది.

ఎనిమిదో నాడు ఎవోదియా పావడా ఎత్తి దోపుకుని, పాదాలతో మన్ను తొక్కింది. నొప్పి చేత్తోనే ఆరు పెనాలు తట్టింది. నీడలో ఆరబెట్టింది. వాటి పక్కన ఒక పొడుగాటి మన్ను పట్టీ చేసి, జానెడు దూరంలో రెండు గోటి నొక్కులు పెట్టి అదీ ఎండబెట్టింది. నొక్కులు దగ్గరకు జరిగాయి గానీ రెండు గోళ్ల వెడల్పు మించలేదు. ముడుచుకోవడం తక్కువే. ఆవం కాలిన నాడు ఆరు పెనాలూ వేలి ముడితో తడితే గంటలా పలికాయి. బల్ల మీద వరసగా పెట్టి, జపమాల మొదలుపెట్టింది.

నాలుగో సాయంత్రం, జపమాలలో మూడో పది పూసల దగ్గర, 'టప్'.

ఎవోదియా జపం ఆపలేదు. పూసలు వేళ్ల మధ్య కదులుతూనే ఉన్నాయి. మళ్లీ 'టప్'. ప్రార్థన ముగించి, దీపం దగ్గరకు తీసుకెళ్లి చూసింది. చింతగింజంత పెచ్చు లేచిపోయింది. గుంట అడుగున తెల్లటి చుక్క, పాలపంటిలా.

ఏడో నాటికి ఆరిట్లో ఐదు పొక్కాయి.

"మంచి మన్నన్నావుగా?" అన్నాడు మకారియో.

"మంచి మన్నే."

"మరి మంచి మన్ను ఇలా పేలాలు వేయించుకుంటుందేం?"

ఆమె లేచింది. పెరట్లోకి వెళ్లి తొట్టి మీద గోనె తీసింది. అడుగున ఇంకో పెనానికి సరిపడా మన్ను మిగిలి ఉంది. రుచి చూసింది. నాలుక పొక్కినట్టు మండింది. నిమ్మరసం పిండింది. సన్నగా, చీమలు గుసగుసలాడుకుంటున్నట్టు బుసబుస వచ్చింది. అప్పుడు కనిపించింది ఆమెకు, తొట్టి రాతి అంచు మీద నుంచి బయటికి కారి ఎండిపోయిన ఒక తెల్లటి చార.

"ఇందులో నీళ్లు నువ్వేగా పోసింది?" అని అడిగింది, చాలా మెల్లగా.

మకారియో గాడిద వీపు రుద్దడం ఆపాడు. "నేనా? నువ్వు పోస్తున్నావనుకున్నా. బెణికిన చేత్తో కూడా ఎంత పట్టుదలో అనుకున్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవోదియా గోనె మళ్లీ కప్పేసింది. తెలియని చెయ్యి ఒకటి తన పెరట్లోకి వస్తోంది. ఎనిమిది రోజులు వచ్చింది.

మర్నాడు అబుందియో ఇంజనీరమ్మాయి పంపిన కాగితం తెచ్చి చదివాడు. అంకెలన్నీ దాటేసి చివరి మాట దగ్గర ఆగాడు. "సున్నం చెప్పుకోదగ్గంత లేదు. వంట పాత్రలకు మేలైన మట్టి. అలాగంటోంది పిన్నీ." అతని చూపు బల్ల మీది పెనాల దాకా వెళ్లి మళ్లీ ఆమె మీదికి వచ్చింది. నీ నాలుక ముసలిదైపోయిందా అని అడగలేదు. అడిగి ఉంటే ఆమెకు ఇంత బాధ ఉండేది కాదు.

ఎవోదియా ఆ రోజంతా తనలో తానే లెక్క తేల్చుకుంది. కొండ మీద సున్నం లేదు, ఆ పిల్ల సంచుల్లో సున్నం లేదు, ఉన్నదల్లా నా తొట్టిలో. డేగకొండ మన్ను చెడ్డదని తేలితే ఎవరికి లాభం? ఆ పేరు మనసులోకి రాగానే సిలువ గుర్తు వేసుకుని తోసేసింది. తోసేసిన కొద్దీ వచ్చింది. లారీ ఎవరిది? మర దగ్గర నుంచి వచ్చేటప్పుడు ఈ పెరటి పక్కగా నడిచేది ఎవరు? ఈ మధ్య ఉన్నట్టుండి ఈ రొట్టెల మర్యాద ఎందుకు?

అప్పటినుంచి ప్రతిదీ వేరేగా కనిపించసాగింది. నిసెఫోరా గోడ మీంచి "చెయ్యెలా ఉంది?" అంటే, చెయ్యి బాగైందో లేదో కనుక్కుంటోంది అనిపించింది. "పెనాలెలా వచ్చాయి?" అంటే, ఆరా తీస్తోంది అనిపించింది. ఆవిడ నవ్వితే ఎందుకు నవ్వుతోందనిపించింది, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదనిపించింది. గుమ్మం మీది రొట్టెలు ఎవోదియా నోట పెట్టలేకపోయింది. తీసుకెళ్లి గాడిదకు వేసింది. గాడిదకు ఏ అనుమానాలూ లేవు.

డేగకొండ మన్ను ఇంకో గంప ఉంటే తొట్టిలో వేసి, గోనె కప్పి, ఏమీ తెలియనట్టు ఊరుకుంది. శుక్రవారం తెల్లవారగట్ల, చర్చి గంట మొదటిసారి మోగిన వేళ, నాగజెముడు కంచె వెనక పీట వేసుకుని కూర్చుంది. మర వైపు నుంచి ఆడవాళ్ల మాటలు, బకెట్ల చప్పుడు. వాళ్లంతా వెళ్లిపోయారు. ఒకరి అడుగుల చప్పుడు మాత్రం వెనక్కి మళ్లింది.

నిసెఫోరా పెరట్లోకి వచ్చింది. తన ఇంట్లోకి వచ్చినంత తేలిగ్గా వచ్చింది. గోనె ఎత్తింది, చేతిలోని మట్టిముంత వంచింది. తెల్లటి నీళ్లు, చివర చిక్కటి తెల్లముద్ద, తొట్టిలో పడ్డాయి. ముంతను రెండుసార్లు దులిపింది, ఏమీ మిగలకూడదన్నట్టు. గోనె సర్ది, చుట్టూ చూసి, గుమ్మం మీద రొట్టెల మూట పెట్టి వెళ్లిపోయింది.

ఎవోదియా పీట మీదే ఉండిపోయింది. ముప్పై ఏళ్లు. తన బిడ్డ తల మీద జ్ఞానస్నానం నీళ్లు పడినప్పుడు ఆ చేతులే పట్టుకున్నాయి. ఆ చేతులే ఇప్పుడిలా.

శనివారం మకారియో ఏమైందని రెండుసార్లు అడిగి మానేశాడు. ఆదివారం పూజలో ఫాదరు ఏం చెప్పారో ఆమెకు వినపడలేదు. ఒకరికొకరు శాంతి చెప్పుకునే వేళ నిసెఫోరా రెండు వరసలు దాటి వచ్చి చేతులు పట్టుకుంది. ఆ అరచేతి గీతల్లో సున్నపు తెలుపు ఉంది. ఎవోదియా చేతులు వెనక్కి లాక్కుంది.

పూజయ్యాక సభ ఊరి కొట్టు ముందు పందిట్లో జరిగింది. పేర్లు పిలిచారు. మేత బీడు వాళ్లు ఒక పక్క, కుమ్మర్లు ఒక పక్క కూర్చున్నారు. నిసెఫోరా ఎప్పట్లాగే అందరికీ అని రొట్టెల బుట్ట తెచ్చుకుని మూడో బల్ల మీద కూర్చుంది. అబుందియో కాగితం చదివాక ఎవోదియాను పిలిచాడు.

ఆమె పొక్కిన పెనాన్ని అందరికీ కనపడేట్టు ఎత్తి పట్టుకుంది.

"ఇది డేగకొండ మన్నుతో చేశాను. పొక్కింది. లోపల సున్నం ఉంది."

మేత బీడు వైపు నుంచి ఎవరో "అయిపోయిందిగా, లేద్దాం పదండి" అన్నారు.

"కూర్చో. నేను ముగించలేదు. కొండలో సున్నం లేదు. నా నాలుక అదే చెప్పింది, ఆ పిల్ల కాగితం అదే చెప్పింది. ఈ సున్నం కొండ పెట్టింది కాదు. ఒక చెయ్యి పెట్టింది."

చంటిబిడ్డ ఒకడు ఏడవబోయి మానేశాడు.

"ఎవరి చెయ్యి పిన్నీ?" అన్నాడు అబుందియో.

ఎవోదియా నోరు తెరిచింది. పేరు నాలుక మీదికి వచ్చింది. నాలుక మీద పెట్టనిదేదీ నమ్మని మనిషి, ఈ పేరును మాత్రం రుచి చూడకుండానే ఉమ్మబోతున్నానా అని ఒక్క క్షణం తట్టింది. ఆ ఒక్క క్షణమే ఆలస్యమైంది.

"సున్నమా?" మూడో బల్ల మీంచి నిసెఫోరా లేచి నిలబడింది, బుట్ట చంకన పెట్టుకునే. "సున్నం పోసింది నేనే కదా కొమాద్రె! రోజూ పోశాను!"

ఆవిడ మొహంలో భయం లేదు. బహుమానం అందుకోవడానికి లేచినట్టుంది.

"కొమాద్రె చెయ్యి బెణికింది, బిందె మోయలేదు. కుళాయి చూస్తే రాదు. నేను మొక్కజొన్న గింజలు సున్నం వేసి ఉడకబెట్టి కడిగిన నీళ్లు రోజూ ఊరికే పారబోస్తున్నానాయె. అవే తెచ్చి పోశా. పై తేట పోశాననుకునేరు, కాదు. అడుగున చిక్కటిదంతా దులిపి మరీ పోశా. పొద్దున్నే పెనానికి సున్నం పుయ్యకపోతే రొట్టె అంటుకోకుండా లేస్తుందా? ఎవరైనా చెప్పండి! మరి మన్నులోనే కలిపేస్తే ఇక జన్మలో పుయ్యక్కర్లేదు కదా అనుకున్నా." గాలి పీల్చుకుంది. "అంత పోసినా పొక్కిందంటే, నన్నడిగితే అది పాడు మన్నే అబుందియో! దారి వెయ్యకండి!"

మొదట ఒక ముసలి కుమ్మరి దగ్గాడు. దగ్గు కాదు, నవ్వు. అది ఒక బల్ల మీంచి ఇంకో బల్లకు పాకి పందిరంతా కమ్ముకుంది. నలభై ఇళ్ల కుమ్మర్లు కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. నిసెఫోరా అటూ ఇటూ చూసింది. "ఏంటి? ఏమన్నాను?"

నవ్వు మధ్యలోంచి ఒక గొంతు పైకి లేచింది. "మన్నులో సున్నం పడితే ఏమవుతుందో తెలియకా? అల్లుడి లారీ ఆగిపోతుందని పోశావు, ఒప్పుకో!"

నవ్వు తెగిపోయింది. నిసెఫోరా మొహంలో రంగు పోయింది. ఆ మాట అప్పుడే మొదటిసారి వింటున్న మనిషి మొహం అది. ఎవోదియా ఆ మొహం చూసింది. మొన్నటినుంచి తన కడుపులో ఉన్న మాటే మరొకరి నోట్లోంచి రావడంతో దాని వాసన ఎంత కుళ్లో అప్పుడు తెలిసింది.

"నోరు ముయ్యి" అంది ఎవోదియా. ఆమె అంత గట్టిగా మాట్లాడడం సభ ఎప్పుడూ వినలేదు. "తెలిసే పోసిందంటావా? ఎవరు చెప్పారు ఆమెకు? నువ్వు చెప్పావా? మీ అమ్మ చెప్పిందా? మన్ను సంగతి ఇంట్లో పుట్టిన పిల్లలకు తప్ప చెప్పకూడదని మన పెద్దవాళ్ల నాటినుంచి పట్టుకు కూర్చున్నాం. ఈమె ముప్పై ఏళ్లుగా నా గోడ పక్కనే ఉంది. సున్నం పెనం పైన ఉంటే మేలు, లోపలుంటే చేటు అని ఒక్క మాట, ఒక్కటంటే ఒక్కటి, నేను చెప్పలేదు. సున్నం ఒక చెయ్యి పెట్టిందన్నాను. ఆ చెయ్యి నాదే. కొండ మీద రుచి చూసిన మన్నును, తట్టే ముందు తొట్టి దగ్గర మళ్లీ ఒకసారి చూడాలి. చూడలేదు. చూసిందే చూడ్డమెందుకని గర్వపడ్డా." పెనం దించింది. "అబుందియో, సభ ఇంకో నెలకు వాయిదా వెయ్యి. మళ్లీ చేస్తా. తొమ్మిది రోజులూ మళ్లీ పెడతా."

చేతులెత్తమన్నారు. మేత బీడు వాళ్లలో కూడా సగం మంది ఎత్తారు. ఎందుకెత్తారో వాళ్లకే తెలియాలి.

ఆ సాయంత్రం ఎవోదియా గోడ చుట్టూ తిరిగి నిసెఫోరా ఇంటికి వెళ్లింది. పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని, నేల చూస్తూ చెప్పింది. "కొమాద్రె, నేను నీ మీద అనుమానపడ్డాను. కంచె వెనక కూర్చుని కాపు కాశాను. సభలో నీ పేరు చెప్పడానికే లేచాను."

నిసెఫోరా రొట్టె తిరగేసింది. "తెలుసు."

"ఏం తెలుసు?"

"నా మీద ఏదో కోపమని తెలుసు. ఆ లారీ గురించేమో అనుకున్నా. వారం రోజులుగా నా రొట్టెలన్నీ మీ గాడిద తింటోంది కదా. గోడ మీంచి కనపడదనుకున్నావా? ఆ గాడిద పొట్ట చూశావా, అది జీను తాడులో పట్టడం లేదు."

"తెలిసీ ఎందుకు పెట్టావు మరి? నీళ్లెందుకు పోశావు?"

"నీకు కోపమొస్తే నీ చెయ్యి బాగైపోతుందా ఏం?" అని నిసెఫోరా ఒక రొట్టె ఆమె ఒళ్లో పడేసింది. "ఇది తిను. గాడిదకు వేస్తే చూడు."

ఎవోదియా తింది. ఉప్పటి నీళ్లు కొన్ని రొట్టె మీద పడ్డాయి.

డేగకొండ నుంచి మళ్లీ రెండు గంపల మన్ను వచ్చింది. ఈసారి నిసెఫోరా తన వంతు కుళాయి నీళ్లు రెండు బిందెలు మోసుకొచ్చి తొట్టిలో పోసింది. ముందుగా బిందె ఎవోదియా ముక్కు దగ్గర పెట్టి "చూసుకో, మళ్లీ నా మీద పడేవు" అంది. తొక్కే ముందు ఎవోదియా తొట్టిలోది మళ్లీ రుచి చూసింది. ఆరు పెనాలు మళ్లీ బల్ల మీదికెక్కాయి. ప్రతి సాయంత్రం నిసెఫోరా వచ్చి జపమాలలో కూర్చుంది. పొయ్యిలో కట్టె చిటపటమన్నా ఇద్దరూ ఉలిక్కిపడి పెనాల వైపు చూసేవాళ్లు. మకారియో కావాలని ఒకసారి నోటితో 'టప్' అన్నాడు. జపం ముగిశాక అతనికి జరగవలసింది జరిగింది.

తొమ్మిది రోజులు పెనాలు నోరు మెదపలేదు.

పదో నాడు ఎవోదియా ఒక పెనం తీసి నిసెఫోరా చేతిలో పెట్టింది. నిసెఫోరా దాన్ని అటూ ఇటూ తిప్పి, భయంభయంగా అడిగింది. "ఇప్పుడు సున్నం పుయ్యొచ్చా?"

"ఇప్పుడు పుయ్యి. పైన."

నిసెఫోరా సున్నం పూసి, పెనం పొయ్యి మీద పెట్టి, మొదటి రొట్టె వేసేలోపు ఎవోదియా పెరట్లోకి వెళ్లి పిడికెడు ఎర్రమన్ను తెచ్చింది. "కళ్లు మూసుకో."

"ఎందుకే?"

"మూసుకోమన్నానా."

నిసెఫోరా కళ్లు మూసుకుంది. ఎవోదియా చిటికెడు మన్ను ఆమె నాలుక మీద పెట్టింది. బయటి ఊరి కోడలి నాలుక మీద సాంతా ప్రిస్కా మన్ను పెట్టడం అదే మొదలు. పై లోకంలో నాయనమ్మ ఏమనుకుందో తెలియదు. ఏమీ అని ఉండదనే అనుకోవాలి.

"ఎలా ఉంది?"

నిసెఫోరా మొహం చిట్లించి చాలాసేపు ఆలోచించింది. "మన్నులా ఉంది."

"ఉమ్మి, సిలువ గుర్తు వేసుకో" అంది ఎవోదియా. ఇంకో చిటికెడు తీసింది. "మళ్లీ పెట్టుకో."